ఐసీయూ నర్సులూ, 'ఇది తప్పేమో' అని మీకు ఎప్పుడు తట్టింది?

రాత్రిడ్యూటీ:
ఐసీయూలో చేరి రెండేళ్లు. మొన్న నైట్‌లో ఒక పెద్దాయనకు ఒళ్లు తుడుస్తుంటే మణికట్టు చుట్టూ గాజు వేసినట్టు ఎర్రటి చార కనిపించింది. చేతులు కట్టింది నేనే, అంతకుముందు నైట్‌లో. నోట్లోని ఊపిరి ట్యూబ్ లాగేసుకుంటారేమోనని భయం. కేస్ షీట్ తిరగేస్తే కట్టమని ఆర్డర్ లేదు. షిఫ్టులు మారాయి, ఎవరూ విప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆ చార కనబడే వరకు నాకు అసలు ఆలోచనే రాలేదు. అదే మింగుడుపడడం లేదు. మీకూ ఇలాంటివి ఉన్నాయా?

పాతసిస్టర్:
కొత్తలో అందరం కట్టినవాళ్లమే అమ్మా. కట్టేముందు ఎందుకు లాగుతున్నారో చూడు. మా దగ్గర ఒకావిడ రాత్రంతా చెయ్యి విదిలిస్తుంటే 'రెస్ట్‌లెస్' అని రాసుకుంటూ సెడేషన్ (మత్తుమందు) పెంచుకుంటూ పోయాం. తెల్లారి చూస్తే క్యాథెటర్ గొట్టం తొడ కింద నలిగి ఉంది, యూరిన్ బ్యాగ్ ఖాళీ. గొట్టం సరిచేశాక ఆవిడ చెయ్యి దానంతటదే ఆగిపోయింది. మాట్లాడలేని పేషెంట్ నొప్పి తెలుసుకోడానికి సీపాట్ అనే స్కోరు ఉంది కదా. ముఖం, కదలికలు, కండరాల బిగువు, వెంటిలేటర్‌తో పడుతోందా లేదా. ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 8. 3 వచ్చిందంటే నొప్పి ఉందనే అనుకో. ఆ రాత్రి మేమెవరం వేయలేదు.

సూటిగా:
అన్నీ బాగానే ఉన్నాయి. విప్పాక ట్యూబ్ పీకేసుకుంటే? నాకు జరిగింది. పక్క బెడ్‌లో సక్షన్ చేసి తిరిగేసరికి ట్యూబ్ ఆయన చేతిలో ఉంది. సంజాయిషీ రాసింది నేను. ఆ రోజు ముగ్గురు పేషెంట్లకు నేనొక్కదాన్నే అన్న సంగతి మాత్రం ఆ కాగితంలో ఎక్కడా లేదు. నీతి గురించి మాట్లాడేవాళ్లు స్టాఫ్ లెక్క కూడా మాట్లాడాలి.

పాతసిస్టర్:
ఒప్పుకుంటా. కానీ కట్టిన చేతులతోనే, తల కిందికి వంచి మరీ ట్యూబ్ లాగేసుకున్నవాళ్లను కూడా చూశాను. కట్టేశాం కదా అని మనం పక్కకు వెళ్లిపోతాం, అక్కడే దెబ్బతింటాం.

పాఠాలమేడమ్:
1984లో ఆండ్రూ జేమ్‌టన్ నర్సింగ్ నీతి మీద రాస్తూ 'మోరల్ డిస్ట్రెస్' అన్న మాట తెచ్చారు. ఏది సరైనదో తెలిసినా పని చేసే చోటు చేయనివ్వకపోవడం. సూటిగా గారిది అది. రాత్రిడ్యూటీది దానికి ఒక మెట్టు ముందుది, అసలు కంటికి ఆనకపోవడం. అంతర్జాతీయ నర్సుల మండలి నియమావళి 1953 నుంచి ఉంది, 2021లో మళ్లీ సవరించారు. మా పిల్లలు పరీక్షలో అదంతా గడగడా రాస్తారు. వార్డులోకి వెళ్లి పేషెంట్‌కు తెర వేయకుండా డైపర్ మారుస్తారు!

నిశ్శబ్దం:
నాది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆయన బతకరని మా అందరికీ తెలుసు. ఇంట్లోవాళ్లతో ఆ మాట ఎవరూ తేల్చి చెప్పలేదు, సీపీఆర్ వద్దని రాతపూర్వకంగా ఏమీ లేదు. గుండె ఆగగానే 'ఊరికే మెల్లగా చేయండి' అన్నారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతు నొక్కాలని నేర్చుకున్న చేతులు నావి. ఆ రోజు ఛాతీ మీద చేతులు ఆనించి ఊగాను, అంతే. అద్దం అవతల కొడుకు చూస్తున్నాడు. తర్వాత అతనికి 'చాలా ప్రయత్నించాం' అని చెబుతుంటే నేను మానిటర్ వైర్లు చుట్టుకుంటూ నిలబడ్డాను. గట్టిగా నొక్కి పక్కటెముకలు విరిచి ఉంటే బాగుండేదని కాదు. వద్దనుకుంటే ఆ మాట ముందే వాళ్లతో కూర్చుని చెప్పాలి, కేస్ షీట్‌లో రాయాలి. నాటకం నా చేత ఆడించారు.

సూటిగా:
స్లో కోడ్. పేరు కూడా ఉంది దానికి. నువ్వొక్కదానివే కాదు.

బెడ్‌పక్కకుర్చీ:
నేను నర్సును కాను. మా అమ్మ పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉంది. ఒక సిస్టర్ ప్రతిసారీ 'అమ్మా, ఇప్పుడు పక్కకు తిప్పుతున్నా' అని చెప్పి తిప్పేవారు. స్పృహలో లేని మనిషికి ఎందుకు చెబుతున్నారా అనుకున్నాను. ఇంటికొచ్చాక అమ్మ ఆ గొంతును గుర్తుచేసుకుంది. 'ఈ బెడ్ ఎప్పుడు ఖాళీ అవుతుందో' అన్న ఇంకో గొంతును కూడా.

రాత్రిడ్యూటీ:
అందరికీ థాంక్స్. హ్యాండోవర్‌లో చార సంగతి చెప్పాను, ఒకరు ముఖం మాడ్చుకున్నారు. డాక్టర్‌ను అడిగి ఆర్డర్ రాయించాను. నిన్న చేతులు విప్పి మంచం పక్కనే కూర్చుని చార్టింగ్ చేశాను. చెయ్యి రెండుసార్లు ట్యూబ్ వైపు వెళ్లింది, పట్టుకుంటే వదిలేశారు. రాత్రి రెండు గంటలకు పక్క బెడ్‌లో బీపీ పడిపోయింది, మళ్లీ కట్టక తప్పలేదు. ఈసారి ఆయనకు చెప్పి కట్టాను, టైమ్ రాశాను.

సూటిగా:
ఎన్నింటికి విప్పావు?

రాత్రిడ్యూటీ:
2:40కి.