మొదటి మంగలికత్తి: ఏది కొనాలి?

సాగరతీరం (విశాఖపట్నం):
కార్ట్రిడ్జి రేజరు వల్ల మెడ మీద వెంట్రుకలు లోపలికి పెరిగి కురుపులవుతుంటే, గత ఏడాది ఒకే బ్లేడు ఉండే సేఫ్టీ రేజరుకు మారాను. ఇప్పుడు మడతపెట్టే అసలైన మంగలికత్తి కొనాలని ఉంది. కత్తుల తయారీకి పేరుపడ్డ జర్మనీ ఊరు జోలింగెన్ నుంచి వచ్చే కత్తుల ధరలు చూస్తే గుండె ఝల్లుమంటోంది. కొన్ని వందలకే దొరికేవీ కనిపిస్తున్నాయి. వాటి మీద రాసే 5/8, 6/8 అంటే ఏమిటి? మా ఊరి ఉప్పుగాలికి కార్బన్ ఉక్కు తట్టుకుంటుందా?

సానరాయి (హైదరాబాద్):
కత్తి వెన్ను (మందంగా ఉండే వెనక అంచు) నుంచి వాదర (పదునుండే అంచు) వరకు ఉండే వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతులతో చెప్పే లెక్క అది; 5/8 అంటే దాదాపు 16 మిల్లీమీటర్లు. కొత్తవారికి ఈ రెండింటిలో ఏదైనా సరిపోతుంది. మరీ వెడల్పైతే ముక్కు కింద తిప్పడం కష్టం. కొస గుండ్రంగా ఉన్నదే తీసుకోండి, తొలి నెలలో చెవితమ్మె దగ్గర గాట్లు పెట్టేది చాలావరకు మొనదేలిన కొసే.

చౌకరకం ఎందుకు వద్దంటున్నానంటే, ఈ కత్తిని నూరేటప్పుడు వెన్నునూ వాదరనూ ఒకేసారి రాయికి ఆనించి లాగుతాం కాబట్టి, నూరే కోణాన్ని నిర్ణయించేది వెన్ను మందమే. వెన్ను వంకరగా ఉంటే ఎంత మంచి రాయి తెచ్చినా పదును వాదర పొడవునా ఒకేలా రాదు. నేను అలాంటిదే కొని, 1000 గ్రిట్ (రాయి గరుకుదనాన్ని చెప్పే అంకె) రాయి మీద రెండు ఆదివారాలు అరగదీసి, చివరికి కవర్లు చింపుకోవడానికి వాడుకుంటున్నాను.

కొత్త జోలింగెన్ కత్తి భారమైతే అక్కడి పాతవి వెతకండి. వాదర దగ్గర తుప్పు గుంటలు గానీ నెర్రె గానీ ఉంటే వదిలేయండి. గీసుకోవడానికి సిద్ధంగా నూరి పంపుతారా అని తప్పక అడగండి; కొత్త కత్తికి కూడా చాలాసార్లు చివరి నూరుడు మిగిలే ఉంటుంది.

తాతగారి పొది (నెల్లూరు):
మాది క్షౌరవృత్తి కుటుంబం. మా తాతగారి పొదిలో రెండు కత్తులు, ఒక సానరాయి, నూరిన వాదరను సరిచేసే తోలుపట్టీ ఉండేవి. ఒకరి రక్తం మరొకరికి తగలకూడదు కనుక ఇప్పుడు మా దుకాణంలో సగం బ్లేడు పెట్టే కత్తే వాడుతున్నాం. మీ ఒక్కరికే అయితే ఆ చింత లేదు.

సానరాయి గారు పట్టీ సంగతి చెప్పలేదు. కత్తికి పెట్టే డబ్బులో కొంత దానికి మిగుల్చుకోండి. గీసుకునే ముందు ప్రతిసారీ పట్టీ మీద 30, 40 సార్లు లాగాలి. వెన్ను ముందు నడవాలి, వాదర వెనక రావాలి, పట్టీ చివరకు రాగానే కత్తిని వెన్ను మీదుగా పొర్లించి వెనక్కి తేవాలి. వాదర మీదుగా తిప్పితే తోలు తెగిపోతుంది. ఆ తిప్పుడు చేతికి వచ్చేదాకా తాతగారు నాకు మొద్దు కత్తే ఇచ్చారు.

ఉప్పుగాలి (కాకినాడ):
నేను కార్బన్ ఉక్కే వాడుతున్నాను. గీసుకోగానే కడిగి, పిడి సందులోని తడి కూడా పోయేలా మెత్తటి గుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాసి, స్నానాల గదిలో కాకుండా బీరువాలో పెడతాను. కొబ్బరినూనె వద్దు, జిగురుకడుతుంది. ఇంత ఓపిక లేకపోతే స్టెయిన్‌లెస్ తీసుకోండి. నూరడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, అంతే.

సాగరతీరం:
అందరికీ కృతజ్ఞతలు. తుడిచే ఓపిక నాకు లేదని ఇంట్లోవాళ్లు ఏకగ్రీవంగా తేల్చారు, కాబట్టి స్టెయిన్‌లెస్, 5/8, గుండ్రటి కొస. పట్టీ ముందే తెప్పించి, వెన్నపూస కోసే కత్తితో తిప్పుడు సాధన చేస్తున్నాను.