పాత మెర్సిడెస్ ఈ220 కారు ఘాట్ రోడ్డులో లాగడం లేదు, కారణం ఎవరైనా చెప్పగలరా?

జయపురం వాసి:
సభ్యులందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురం. నా దగ్గర 2001 మోడల్ మెర్సిడెస్ ఈ220 ఉంది. మా మావయ్యగారు ముచ్చటపడి కొనుక్కుని, ఎంతో జాగ్రత్తగా వాడి, చివరికి నా చేతికి అప్పగించిన బండి కనుక అమ్మేయమని మాత్రం దయచేసి ఎవరూ చెప్పవద్దు. విషయం ఏమిటంటే, బండికి పికప్ పూర్తిగా పోయింది. విశాఖపట్నం నుంచి తిరిగి వస్తూ సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతున్నప్పుడు యాక్సిలరేటర్‌ను అడుగంటా తొక్కినా వేగం పెరగలేదు. ఒక సరుకు లారీని దాటే దమ్ము కూడా చాలక, పొట్టంగి దాకా దాని వెనకే రావలసి వచ్చింది. ఈ రోజు పొద్దుటి నుంచి చీకటి పడేదాకా షెడ్డులోనే కూర్చున్నాను. ఎయిర్ ఫిల్టరూ ఇంజిన్ ఆయిలూ మార్చి, బానెట్ ఎత్తి రేస్ చేసి చూసి, ఇంజిన్‌లో ఏ లోపమూ లేదని పంపేశారు. కొత్తలో ఈ బండి నిలిచిన చోటి నుంచి 100 కిలోమీటర్ల వేగానికి పది, పదకొండు సెకన్లలో చేరేదని చదివాను. ఇప్పుడు ఆ దరిదాపుల్లో కూడా లేదు. ఇంకేం చూడాలో తోచడం లేదు. తెలిసినవారు చెప్పండి.

రాయగడ షెడ్డు:
పెట్రోలా, డీజిలా? డీజిలైతే డీజిల్ ఫిల్టర్ మార్చండి.

సునాబేడ విశ్రాంత ఇంజనీరు:
జయపురం మిత్రులకు నమస్కారం. మీ ప్రశ్నలో అందరూ వదిలేసే ఒక ముఖ్య విషయం ఉంది. సాలూరు మైదానంలో ఉంది, మన కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రమట్టం దగ్గర ఘనమీటరు గాలి బరువు 1.225 కిలోలైతే, ఈ ఎత్తులో అది ఎనిమిది శాతం వరకు తగ్గుతుంది. ఇంజిన్ పీల్చుకునేది గాలినే కనుక, గాలి పలచనైతే మండే ఇంధనమూ తగ్గుతుంది, శక్తీ తగ్గుతుంది. మీరు చదివిన పది సెకన్ల లెక్క చదునైన రోడ్డు మీద, నిర్ణీత బరువుతో, మంచి గాలిలో తీసినది. ఆ అంకెను పట్టుకొచ్చి ఘాట్ రోడ్డు మీద నిలబెట్టి బండిని తప్పుపట్టడం న్యాయం కాదు. కొండ ప్రాంతంలో వాహనాలు వాడే మనవాళ్లు ముందుగా ఎత్తు లెక్క వేసుకోవడం నేర్చుకోవాలని నేను ఎప్పటి నుంచో చెబుతున్నాను.

పర్లాకిమిడి మాస్టారు:
ఇంజనీరు గారి లెక్క సరైనదే, కానీ ఈ బండికి అది అంతగా వర్తించదు. ఇది సీడీఐ, అంటే మెర్సిడెస్ వారి డీజిల్ రకం అయితే దానికి టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉంటుంది. బయట గాలి పలచనైతే టర్బో మరికాస్త వేగంగా తిరిగి ఆ లోటును చాలామటుకు పూడుస్తుంది. టర్బో లేని పెట్రోలు ఇంజిన్‌కు మాత్రమే ఎనిమిది శాతం నష్టం ఉన్నది ఉన్నట్టుగా తగులుతుంది. అదీగాక, ఎనిమిది శాతం తగ్గితే లారీని దాటలేని పరిస్థితి రాదు.

లెక్క చూద్దాం. నలుగురు మనుషులు, సామాను కలిపి బండి 1,900 కిలోలు ఉందనుకుందాం. వంద మీటర్లకు ఐదు మీటర్లు లేచే ఎక్కుడులో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోవడానికి, ఆ ఎక్కుడు కోసమే సుమారు 21 హార్స్‌పవర్ ఖర్చవుతుంది. గాలి, టైర్ల రాపిడి వేరు. 2148 సీసీ సీడీఐ ఇంజిన్ ఇచ్చేది 143 హార్స్‌పవర్. అంటే ఎక్కుడు పోను వేగం పెంచుకోవడానికి ఇంకా ఎంతో మిగలాలి. మిగలడం లేదంటే ఇంజిన్ శక్తిలో పెద్ద భాగమే ఎక్కడో పోతోంది. ఎత్తు పేరు చెప్పి దీన్ని దాటవేయకూడదు.

సునాబేడ విశ్రాంత ఇంజనీరు:
మాస్టారూ, టర్బోకు కూడా ఒక హద్దు ఉంటుంది. నిర్ణీత వేగం దాటి అది తిరగలేదు. ఎత్తు ప్రభావం సున్నా అని మీరు రాస్తే చదివేవారు అపార్థం చేసుకుంటారు.

పర్లాకిమిడి మాస్టారు:
సున్నా అని నేను రాయలేదు. చాలామటుకు పూడుస్తుందని రాశాను. అయితే ప్రశ్న అడిగినవారు పికప్ అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు లక్షణాలను కలిపేశారు, అందువల్లే మనమందరం తలొక దిక్కూ పోతున్నాము. నిలిచిన చోటి నుంచి కదలడం మందగించిందా, లేక 60 నుంచి 100కు పోవడం మందగించిందా, లేక ఎంత తొక్కినా ఒక వేగం దగ్గర ఆగిపోతోందా? మొదటిది గేర్‌బాక్సును అనుమానించమంటుంది, రెండోది టర్బోను, మూడోది ఇంధనం సరఫరాను. విడివిడిగా చెప్పమని కోరుతున్నాను.

జయపురం వాసి:
బండి డీజిలే, వెనక సీడీఐ అని రాసి ఉంది. ఆటోమేటిక్. ఊళ్లో తిరుగుతున్నప్పుడు బాగానే ఉంటుంది, కదలడంలో తేడా లేదు. ఘాట్‌లో గట్టిగా తొక్కిన కాసేపటికి ఒక్కసారిగా నీరసపడుతుంది. పొట్టంగిలో టీ తాగడానికి ఆపి మళ్లీ స్టార్ట్ చేశాక మామూలుగానే లాగింది, మళ్లీ ఎక్కుడు వచ్చేసరికి అదే కథ.

రాయగడ షెడ్డు:
డీజిల్ ఫిల్టర్.

బరంపురం డ్రైవరు:
అయ్యా, నేను బరంపురంలో ఒక యజమాని దగ్గర ఇదే బండిని, నాలుగు గుండ్రటి లైట్లుండి, కంపెనీ 210 అని పిలిచే బాడీని, చాలా కాలం నడిపాను. మీరు చివర రాసిన ముక్క మొదటే రాసి ఉంటే బాగుండేది. ఆపి స్టార్ట్ చేస్తే మళ్లీ లాగుతోందంటే ఇంజిన్ అరిగిపోలేదని అర్థం. కంప్యూటర్ ఏదో తేడా గమనించి, ఇంజిన్‌కు హాని జరగకుండా శక్తిని తనంతట తానే తగ్గించేస్తోంది. తాళం ఆపి మళ్లీ తిప్పితే ఆ కట్టడి తొలగి, తేడా మళ్లీ కనబడగానే తిరిగి వస్తుంది. అరిగిన పిస్టన్ రింగులు టీ తాగి వచ్చేలోగా బాగుపడవు కదా.

ముందుగా రెండు సంగతులు చెప్పండి. గట్టిగా తొక్కినప్పుడు వెనక నల్ల పొగ వస్తోందా? బానెట్ కింది నుంచి బుసకొట్టినట్టు గాలి చప్పుడు ఏమైనా వినబడుతోందా? అలాగే గేర్ లీవరు దగ్గర ఎస్, డబ్ల్యూ అని ఒక బటన్ ఉంటుంది. అది డబ్ల్యూ మీద ఉంటే బండి మొదటి గేరులో కాకుండా రెండో గేరులో కదులుతుంది. మీకు కదలడంలో ఇబ్బంది లేదు కనుక కారణం అది కాకపోవచ్చు, అయినా ఒకసారి చూసి ఎస్ మీద ఉంచండి.

జయపురం వాసి:
బటన్ ఎస్ మీదే ఉంది. పొగ సంగతి నేను గమనించలేదు కానీ, ఆ రోజు వెనక కారులో వస్తున్న మా బావమరిది, ఎక్కుడులో మీ బండి నల్లగా వదులుతోంది, అద్దాలు ఎత్తుకోవలసి వచ్చింది అన్నాడు. పాత డీజిల్ బండి కనుక అది మామూలే అనుకున్నాను. అద్దాలు మూసి ఏసీ వేసుకుని వచ్చాం కనుక చప్పుడు సంగతి చెప్పలేను.

బరంపురం డ్రైవరు:
నల్ల పొగే అసలు ఆనవాలు. రాయగడ మిత్రులు కోపగించుకోవద్దు. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోతే ఇంజిన్‌కు డీజిల్ తక్కువ అందుతుంది, అప్పుడు శక్తి తగ్గుతుంది కానీ నల్ల పొగ రాదు. నల్ల పొగ అంటే డీజిల్‌కు తగిన గాలి లేదని అర్థం.

ఈ ఇంజిన్‌లో ఎయిర్ ఫిల్టర్ దాటగానే వచ్చే గాలిని కొలిచే సెన్సర్ ఒకటి ఉంటుంది. కంప్యూటర్ ఆ కొలతను నమ్మి డీజిల్ వదులుతుంది. ఆ సెన్సరే పాడై గాలిని తక్కువ చూపిస్తే కంప్యూటర్ డీజిల్ కూడా తగ్గిస్తుంది, బండి పొగ లేకుండా నీరసపడుతుంది. కానీ సెన్సర్ సరిగ్గా కొలిచిన గాలి, టర్బో దాటాక ఎక్కడో చీలిన పైపులోంచి బయటికి పోతే, డీజిల్ పూర్తిగా పడుతుంది, గాలి మాత్రం ఇంజిన్ దాకా రాదు. అప్పుడే ఇలా నల్లగా వదులుతుంది. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచే పరికరం), అక్కడి నుంచి ఇంజిన్‌కు పోయే రబ్బరు పైపులను అనుమానించండి.

షెడ్డువాళ్లకు దొరకకపోవడంలో ఆశ్చర్యం లేదు. నిలబెట్టి ఉత్తగా రేస్ చేస్తే టర్బో ఒత్తిడి పెద్దగా పెరగదు, చీలిక పెదవులు మూసుకునే ఉంటాయి. ఎక్కుడులో బరువు పడి ఒత్తిడి పెరిగినప్పుడే అది తెరుచుకుంటుంది. ఊళ్లో బాగుండి ఘాట్‌లో చచ్చిపోవడానికి కారణం ఇదే. ఇలాంటి లోపాన్ని బరువు మీద చూడాలి, లేదా పైపులో ఒత్తిడి పెట్టి చూడాలి. షెడ్డులో రేస్ చేసి ఏమీ లేదని చెప్పడం పరీక్ష కాదు.

రాయగడ షెడ్డు:
ఫిల్టర్ ఎప్పుడు మార్చారో ఆయన ఇప్పటికీ చెప్పలేదు. ముందు చవకైనది చూడాలి. నేను చెప్పింది అదే.

సునాబేడ విశ్రాంత ఇంజనీరు:
డ్రైవరు గారి తర్కం బాగుంది. అయినా ఒక చేర్పు. ఈ మోడల్ టర్బోలో వాయువు దారిని మార్చే రెక్కలు ఉంటాయి, వాటిని కదిపేది వాక్యూమ్ (గాలి పీల్పు). సన్నని వాక్యూమ్ పైపు పగిలినా రెక్కలు సరిగ్గా కదలక ఒత్తిడి తగ్గుతుంది. ఒకరు ఇంజిన్ స్టార్ట్ చేస్తుండగా మరొకరు టర్బో పక్కనున్న కడ్డీని చూస్తే, అది కదులుతోందో లేదో కంటికే కనబడుతుంది. ఇక త్వరణం కొలిచే సంగతికి వస్తే, మరమ్మతు అయిన తరువాత చదునైన రోడ్డు మీద జీపీఎస్‌తో కొలవండి. స్పీడోమీటరు సాధారణంగా అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది కనుక దాన్ని నమ్మి సెకన్లు లెక్కపెట్టవద్దు.

పర్లాకిమిడి మాస్టారు:
ఈ విషయంలో ఇంజనీరు గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. సున్నా నుంచి 100 కంటే 60 నుంచి 100 కొలవడం మేలు, ఎందుకంటే టైరు జారడం, గేర్‌బాక్సు మొదటి కుదుపు వంటివి అందులో కలవవు. ఈ ఇంజిన్ గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 315 న్యూటన్ మీటర్లు, నిమిషానికి 1800 నుంచి 2600 చుట్ల మధ్యే వస్తుంది. టర్బో ఒత్తిడి లేకపోతే మొదట కూలిపోయేది కూడా ఆ భాగమే.

జయపురం వాసి:
టార్క్ సంగతి తరువాత చూద్దాం మాస్టారూ. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న బ్లూటూత్ స్కానర్ కొంటే లోపం ఏమిటో చెబుతుందా? పైపులు ఎక్కడుంటాయి, విప్పకుండా చూడడం ఎలా?

బరంపురం డ్రైవరు:
ఆ చిన్న స్కానర్ మీద డబ్బు పెట్టవద్దు. ఈ బాడీలో కంప్యూటర్లన్నింటితో మాట్లాడే సాకెట్టు బానెట్ కింద గుండ్రంగా, 38 పిన్నులతో ఉంటుంది. మెర్సిడెస్‌కు సరిపోయే స్కానరు ఉన్న షెడ్డు వెతుక్కోవాలి.

పైపుల కోసం బండిని ర్యాంపు మీద పెట్టి, ఇంజిన్ కింది ప్లాస్టిక్ తొడుగు విప్పించండి. లైటు వేసి, ముందు బంపరు వెనక కింది వైపున్న వంపు పైపులను చేత్తో పిసికి చూడండి. ఇంజిన్ ఆవిరితో వచ్చే నూనెలో ఏళ్ల తరబడి నాని రబ్బరు మెత్తబడుతుంది, క్లిప్పు పక్కనే చీలుతుంది. పైన దుమ్ము పట్టి, ఒకచోట మాత్రం తడిగా, నల్లగా ఉంటే అక్కడే చూడండి. కంటికి కనబడకపోతే టర్బోకు గాలి వచ్చే మూతి బిగించి, కంప్రెసరు గాలి చాలా తక్కువగా, ఒత్తిడి ఒక బార్ (ఒత్తిడి కొలత) మించకుండా పెట్టి, పైపుల మీద సబ్బు నీళ్లు పూయమనండి. చీలిక ఉన్నచోట బుడగలు లేస్తాయి. ఒత్తిడి ఎక్కువ పెడితే బాగున్న సీళ్లు కూడా పోతాయి కనుక ఆ పని తొందరపడి చేయనివ్వకండి. టేపు చుట్టి సరిపెట్టవద్దు, వేడికీ నూనెకీ అది నిలవదు.

రాయగడ షెడ్డు:
క్లిప్పులు కూడా కొత్తవి వేయండి. పాతవి పట్టవు.

పర్లాకిమిడి మాస్టారు:
అంతదాకా ఘాట్‌లో ఓవర్‌టేక్ చేసే ప్రయత్నం చేయవద్దని నా మనవి. శక్తి ఉందనుకుని ఎదురు దారిలోకి వెళ్లాక అది సగంలో పోతే వెనక్కి తగ్గే చోటు కూడా ఉండదు. పిల్లలతో ప్రయాణం చేసేవారు అసలే చేయకూడదు.

జయపురం వాసి:
కింది తొడుగు విప్పించాను. ఇంటర్‌కూలర్ నుంచి పైకి వచ్చే వంపు పైపు క్లిప్పు పక్కన వేలి పొడవున చీలి ఉంది, చుట్టూ నూనె తడి. చేత్తో వంచితేనే తెరుచుకుంటోంది. పైపు, క్లిప్పులు విశాఖపట్నంలో చెప్పాను, రావాలి. డీజిల్ ఫిల్టర్ కూడా వేయిస్తున్నాను. అందరికీ ధన్యవాదాలు.

సునాబేడ విశ్రాంత ఇంజనీరు:
సంతోషం. పైపు వేశాక సాలూరు వైపు చదునులో ఒకసారి, పొట్టంగి దాటాక పైన చదునుగా ఉన్నచోట ఒకసారి, 60 నుంచి 100 సెకన్లు కొలిచి ఇక్కడ రాయండి. ఎత్తు ప్రభావం ఎంతో అప్పుడు తేలుతుంది.

పర్లాకిమిడి మాస్టారు:
రెండుసార్లూ బండిలో ఒకే బరువు ఉండేలా చూసుకోండి, ఏసీ ఆపండి.