ఎఫ్-150 లీజు అయిపోతోంది: ఎలక్ట్రిక్ పికప్ కోసం బ్రాండ్ మారడమా, ఆగడమా?

బంపర్‌హిచ్

అమెరికాలో పెట్రోల్ ఎఫ్-150 లీజు ఇంకో నాలుగు నెలల్లో అయిపోతుంది. ఈసారి ఎలక్ట్రిక్ పికప్ తీసుకోవాలని ఉంది. రోజూ తిరిగేది 45 మైళ్ళ లోపే. ఏడాదికి ఐదారుసార్లు మాత్రం 7,000 పౌండ్ల క్యాంపింగ్ ట్రైలర్ కట్టుకుని 250 మైళ్ళు వెళ్ళాలి. దారిలో 6 శాతం వాలున్న ఘాట్ రోడ్డు ఒకటి ఉంది. ఇంట్లో 200 ఆంప్ ప్యానెల్ ఉంది, గరాజ్‌లోకి 240 వోల్టుల లైన్ ఇంకా లాగలేదు.

ఫోర్డ్ 2025 డిసెంబర్‌లో పూర్తి బ్యాటరీతో నడిచే ఎఫ్-150 లైట్నింగ్ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. పూర్తి బ్యాటరీతో రావలసిన ర్యామ్ పికప్‌ని దాని కంపెనీ స్టెల్లాంటిస్ అంతకుముందే, సెప్టెంబర్‌లోనే, వదిలేసుకుంది. 7,500 డాలర్ల ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ కూడా 2025 సెప్టెంబర్ 30తో ముగిసింది. ఇలాంటప్పుడు రివియన్‌కో, షెవీ సిల్వరాడో ఈవీకో మారిపోవడం మంచిదా? వాడిన లైట్నింగ్ తీసుకోవడమా? కొత్తవి వచ్చేదాకా ఆగడమా? బ్రాండ్ మారితే పైకి కనపడని ఖర్చులేమిటో కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

రేంజ్_లెక్క

బ్రాండ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 250 మైళ్ళ ప్రయాణం లెక్క తేలాలి. మీ నిర్ణయం మొత్తం దాని మీదే ఉంది.

లైట్నింగ్ పెద్ద బ్యాటరీలో వాడుకోగలిగేది 131 కిలోవాట్ అవర్లు. ట్రైలర్ లేకుండా యూనిట్‌కి రెండు మైళ్ళ చుట్టుపక్కల వస్తుంది. ఎత్తైన పెట్టెలాంటి క్యాంపింగ్ ట్రైలర్ కట్టి 65 మైళ్ళ వేగంతో పోతే యూనిట్‌కి ఒక మైలు అనుకుని లెక్క వేసుకోండి. ఇంటి దగ్గర 100 శాతంతో బయల్దేరి 10 శాతానికి వచ్చేసరికి 118 మైళ్ళు అవుతాయి. దారిలో ఎవరూ 80 శాతం దాటి నింపరు, ఎందుకంటే అక్కడినుంచి ఛార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది. అంటే తర్వాత ప్రతి విడతా 10 నుంచి 80 వరకే, సుమారు 92 యూనిట్లు, 90 మైళ్ళు. ఈ ట్రక్కు ఫాస్ట్ ఛార్జర్ దగ్గర గరిష్ఠంగా 150 కిలోవాట్ల ప్రాంతంలోనే తీసుకుంటుంది కాబట్టి ఒక్కో ఆగుడు ముప్పావు గంట. 250 మైళ్ళకి రెండుసార్లు ఆగాలి. చాలా ఛార్జింగ్ స్టాళ్ళలోకి ట్రైలర్‌తో సహా దూరి అటువైపు నుంచి బయటికి వచ్చే వీలుండదు, కాబట్టి ట్రైలర్ ఊడదీయడం, మళ్ళీ తగిలించడం కూడా ఆ సమయంలో కలుపుకోండి.

సిల్వరాడో ఈవీ పెద్ద బ్యాటరీ 200 యూనిట్లు దాటుతుంది, 350 కిలోవాట్ల వరకు తీసుకోగలదు. అదే ట్రైలర్‌తో మొదటి విడతే 180 మైళ్ళు వస్తుంది. మీ దూరానికి ఒక్కసారి ఆగితే చాలు, అదీ తక్కువసేపే. రివియన్ ఆర్1టీ మ్యాక్స్ ప్యాక్ (సుమారు 140 యూనిట్లు) ఈ విషయంలో లైట్నింగ్‌కి దగ్గరగానే ఉంటుంది. దాని 420 మైళ్ళ ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పరీక్ష) రేంజ్ చూసి మోసపోకండి, ట్రైలర్ కట్టాక ట్రక్కు ఎంత నున్నగా ఉందన్నది పెద్దగా లెక్కలోకి రాదు. గాలిని చీల్చుకుంటూ పోయేది ట్రైలర్ ముఖం.

దారి ఖర్చు తగ్గించే ఉపాయం ఒక్కటే, వేగం. మైలుకి గాలి తినే శక్తి వేగం వర్గంతో (వేగాన్ని వేగంతో గుణిస్తే వచ్చేదానితో) పెరుగుతుంది. 70 నుంచి 60కి దిగితే ఆ వాటాలో పావు వంతుకు పైగా మిగులుతుంది. బరువు తగ్గించడం వల్ల చదును రోడ్డు మీద ఇంత లాభం రాదు.

ఇంకొకటి, అందరూ మర్చిపోయేది: టో రేటింగ్ (లాగగల బరువు) కంటే ముందు నిండిపోయేది పేలోడ్ (ట్రక్కు తన మీద మోయగల బరువు). లైట్నింగ్‌కి 10,000 పౌండ్ల రేటింగ్ ఉంది కదా అని ధైర్యపడకండి. అది పెద్ద బ్యాటరీతో పాటు మ్యాక్స్ ట్రైలర్ టో ప్యాకేజీ ఉన్న ట్రక్కుకే. 7,000 పౌండ్ల ట్రైలర్ ముక్కు బరువు 10 నుంచి 15 శాతం, అంటే 700 నుంచి 1,050 పౌండ్లు ట్రక్కు మీదే పడుతుంది. దానికి మనుషులు, సామాను కలపండి. డ్రైవర్ తలుపు చట్రం మీద పసుపు స్టిక్కర్‌లో ఉన్న అంకె ఆ ఒక్క ట్రక్కుకి సంబంధించినది, బ్రోషర్ అంకె కాదు. ఖరీదైన ట్రిమ్‌కి (అదే మోడల్‌లో ఎక్కువ హంగులున్న రకానికి) వెళ్ళేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. రిసీవర్ (ట్రక్కు వెనక ట్రైలర్ కొక్కెం దూర్చే గొట్టం) మీద లేబుల్ కూడా చూడండి. వెయిట్ డిస్ట్రిబ్యూటింగ్ హిచ్ (ముక్కు బరువుని ఇరుసులన్నిటికీ పంచే కొక్కెం) ఉంటే ఎంత, లేకుంటే ఎంత అని విడివిడిగా రాసి ఉంటుంది.

ఓమ్స్‌లా

ఇంటి వైరింగ్ గురించి నేను చెప్తాను. ట్రక్కు ఎంపికకంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

రోజుకి 45 మైళ్ళంటే 23 యూనిట్ల పని. 48 ఆంప్ ఛార్జర్ 11.5 కిలోవాట్లు ఇస్తుంది, నష్టాలతో కలిపి రెండున్నర గంటల్లోపే అయిపోతుంది. 80 ఆంప్ స్టేషన్ మీ రోజువారీ అవసరానికి అక్కర్లేదు. 48 ఆంప్స్ గంటల తరబడి పోయే లోడ్ కాబట్టి 1.25తో గుణించి 60 ఆంప్ బ్రేకర్ పెట్టాలి. అసలు తప్పు ఇక్కడ చేస్తారు: గోడ లోపల మామూలు ఎన్ఎం-బీ (ఇళ్ళలో వాడే ప్లాస్టిక్ తొడుగు) కేబుల్ 6 గేజ్ లాగేస్తారు. ఎన్ఎం-బీ ఎంత కరెంటు మోస్తుందో కోడ్ పట్టికలో 60 డిగ్రీల కాలమ్‌లో చూడాలి, అక్కడ 6 గేజ్ రాగికి 55 ఆంప్సే. 60 కావాలంటే ఎన్ఎం-బీలో 4 గేజ్ వెయ్యాలి, లేదా కండ్యూట్‌లో (వైరు గొట్టంలో) 6 గేజ్ టీహెచ్‌హెచ్ఎన్ విడి వైర్లు వెయ్యాలి. రెండోదే నయం. ఇప్పటికే 6 గేజ్ ఎన్ఎం-బీ ఉన్న ఇల్లయితే ఛార్జర్ సెట్టింగ్‌లో 50 ఆంప్ బ్రేకర్, 40 ఆంప్ కరెంటుకి దించుకుంటే సరిపోతుంది, 9.6 కిలోవాట్లు వస్తాయి.

14-50 (240 వోల్టుల, 50 ఆంప్) ప్లగ్ పాయింట్ పెట్టించుకోకండి, నేరుగా వైర్ చేయించండి. పొయ్యి కోసం చేసిన చవక రిసెప్టకిల్ రోజూ గంటల తరబడి 40 ఆంప్స్ మోస్తే లోపల పట్టు వదులై, వేడెక్కి, ప్లాస్టిక్ కరుగుతుంది. పైగా కొత్త కోడ్ ప్రకారం ప్లగ్ పాయింట్‌కి జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే ఆపేసే) బ్రేకర్ పెట్టాలి. ఛార్జర్ లోపలా అలాంటి రక్షణే ఉంటుంది, రెండూ కలిసి ఊరికే ట్రిప్ అవుతుంటాయి. నేరుగా వైర్ చేస్తే ఈ రెండు తలనొప్పులూ ఉండవు. ఎలక్ట్రీషియన్ టెర్మినల్ స్క్రూలని టార్క్ స్క్రూడ్రైవర్‌తో, తయారీదారు చెప్పిన ఇంచ్-పౌండ్లకి బిగించాడో లేదో దగ్గరుండి చూడండి. చేతి అంచనాతో బిగించిన స్క్రూయే ఏడాది తర్వాత మాడిన వాసన తెప్పిస్తుంది.

200 ఆంప్ ప్యానెల్ చాలుతుందని ముందే అనుకోవద్దు. ఏసీ, ఎలక్ట్రిక్ పొయ్యి, డ్రయర్, వాటర్ హీటర్ అన్నీ కరెంటువే అయితే లోడ్ లెక్క కట్టించాలి. సరిపోకపోతే ప్యానెల్ మార్చక్కర్లేదు. ఇంటి మొత్తం వాడకాన్ని కొలుస్తూ ఛార్జింగ్‌ని తగ్గించే లోడ్ మేనేజ్‌మెంట్ ఉన్న ఛార్జర్ పెట్టుకుంటే చాలు.

సర్వీస్‌బే

బ్రాండ్ మారితే ఏమేం మారుతుందన్నారు కదా. ట్రైలర్ వైపు పెద్ద మార్పు ఉండదు, రిసీవర్, ఏడు పిన్నుల ప్లగ్ ఎక్కడైనా అవే. బాల్ మౌంట్ డ్రాప్ (కొక్కెం బంతి ఎంత కిందికి ఉండాలన్నది) మాత్రం కొత్త ట్రక్కు రిసీవర్ ఎత్తు కొలిచాకే కొనండి, ట్రైలర్ ముక్కు పైకో కిందికో వాలితే దారిలో ఊగుతుంది. బెడ్ (వెనక సామాను తొట్టి) కవర్, ర్యాక్ పాతవి పనికిరావు: లైట్నింగ్ బెడ్ ఐదున్నర అడుగులు, ఆర్1టీది నాలుగున్నరే.

నిజంగా అలవాటు మార్చుకోవలసింది స్క్రీన్‌తో. కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో ఫోర్డ్‌లో ఉన్నాయి. సిల్వరాడో ఈవీ, రివియన్, టెస్లా సైబర్‌ట్రక్ మూడింటిలోనూ లేవు. రోజూ ఫోన్ మ్యాప్ మీదే నడిచేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు, టెస్ట్ డ్రైవ్‌లో అరగంట ఆ కంపెనీ నావిగేషన్‌తోనే తిరిగి చూడండి.

సర్వీస్ ఇంకా ముఖ్యం. రివియన్‌కి, టెస్లాకి డీలర్లు లేరు, కంపెనీ సెంటర్లే. మీకు దగ్గరి సెంటర్ ఎన్ని మైళ్ళో, బాడీ పనికి ఆ కంపెనీ ఒప్పుకున్న షాపు ఎక్కడుందో సంతకం పెట్టకముందే కనుక్కోండి. ఆర్1టీ వెనక పక్క ప్యానెల్ పైకప్పు దాకా ఒకటే రేకు. చిన్న సొట్టకే బిల్లు ఆశ్చర్యపోయేంత రావచ్చు, అందుకని ఇన్సూరెన్స్ కొటేషన్ కూడా ముందే తీసుకోండి. ఫోర్డ్, షెవీలకి డీలర్లు చాలామంది ఉన్నా హై వోల్టేజ్ పని చేసే శిక్షణ, పరికరాలు అందరి దగ్గరా ఉండవు. "ఈవీ సర్టిఫైడ్ టెక్నీషియన్ ఎంతమంది, బ్యాటరీ దించే లిఫ్ట్ టేబుల్ ఉందా" అని ఫోన్‌లోనే అడగండి. జవాబులో తడబాటు ఉంటే ఇంకో డీలర్‌ని చూసుకోండి.

మోడల్ ఆగిపోవడం వేరు, కంపెనీ మూతపడటం వేరు. ఈవీ కంపెనీలు లార్డ్స్‌టౌన్ 2023లో, కానూ 2025లో దివాలా తీశాయి. అలాంటివాటికి విడిభాగాలూ, సాఫ్ట్‌వేరూ దిక్కులేనివవుతాయి. లైట్నింగ్ ఆగినా ఫోర్డ్ ఉంది, బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళ వారంటీ నడుస్తూనే ఉంటుంది.

టెస్లా సూపర్‌ఛార్జర్ వాడాలంటే సీసీఎస్ (టెస్లాది కాని ఛార్జింగ్ ప్రమాణం) పోర్టు ఉన్న ట్రక్కుకి అడాప్టర్ కావాలి. ఏసీ (నెమ్మది ఛార్జింగ్) అడాప్టర్, డీసీ (ఫాస్ట్ ఛార్జింగ్) అడాప్టర్ రెండూ వేరు. కంపెనీ ఇచ్చినదో, యూఎల్ 2252 (అడాప్టర్ల భద్రతా ప్రమాణం) గుర్తు ఉన్నదో తప్ప వేరేది డీసీకి పెట్టకండి, వందల ఆంప్స్ పోయే చోటు అది. టెస్లా కేబుల్ పొట్టి, లైట్నింగ్ పోర్టేమో ఎడమ ముందు ఫెండర్ మీద ఉంటుంది. పక్క స్టాల్‌ని కూడా అడ్డుకుని ఆపవలసి రావచ్చు. సిల్వరాడోకి పోర్టు ఎడమ వెనక వైపు కాబట్టి వెనక్కి పెట్టి ఆపితే అందుతుంది.

బంపర్‌హిచ్

చాలా స్పష్టంగా చెప్పారు, కృతజ్ఞతలు. రెండు సందేహాలు. జనరేటర్ ఇంజన్ ఉన్న పికప్‌లు వస్తున్నాయంటున్నారు, ఆ ఘాట్ రోడ్డు మీద 7,000 పౌండ్లతో అవి నిలబడతాయా? వాడిన లైట్నింగ్ అయితే బ్యాటరీ ఆరోగ్యం నమ్మకంగా ఎలా తెలుసుకోవాలి?

రేంజ్_లెక్క

నిలబడతాయి, కానీ ఒక షరతు మీద. ర్యామ్ 1500 ఆర్ఈవీకి (వదిలేసిన పూర్తి బ్యాటరీ ర్యామ్ కాదు, జనరేటర్ ఉన్నది) ప్రకటించిన వివరాలు తీసుకుందాం: 92 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, 3.6 లీటర్ల వీ6 ఇంజన్ తిప్పే 130 కిలోవాట్ల జనరేటర్. ఇంజన్‌కి చక్రాలతో సంబంధం లేదు. ట్రక్కు, ట్రైలర్ కలిపి 14,500 పౌండ్లనుకోండి. 6 శాతం వాలు మీద 60 మైళ్ళ వేగంతో ఎక్కాలంటే ఎత్తుకే 104 కిలోవాట్లు, గాలికీ టైర్లకీ ఇంకో 60. మొత్తం 165 దాకా. జనరేటర్ ఇచ్చేది 130, మిగిలిన 35 బ్యాటరీ ఇవ్వాలి. పది నిమిషాల ఎక్కుడికి ఆరు యూనిట్లు ఖర్చు. అంటే ఘాట్ కిందికి చేరేసరికి బ్యాటరీలో 20 శాతమైనా ఉండేలా ముందునుంచే జనరేటర్‌ని నడిపించాలి. ఖాళీ చేసుకుని వెళితే ట్రక్కు వేగం తగ్గిపోతుంది, చెడిపోయిందని కంగారు పడతారు.

ముందుముందు దారి ఎటో కూడా దీంట్లోనే కనిపిస్తుంది. బరువు దూరంగా లాగాలంటే బ్యాటరీ పెంచుకుంటూ పోవాలి, దాంతో ట్రక్కు బరువూ ధరా పెరుగుతాయి, పేలోడ్ తగ్గుతుంది. ఆ పెద్ద సైజు ట్రక్కులకి ఇప్పుడు జనరేటర్ తోడు చేస్తున్నారు. ఫోర్డ్ తర్వాతి లైట్నింగ్ అలాంటిదేనని, 700 మైళ్ళకు పైగా వెళ్తుందని చెప్పింది. ఫోక్స్‌వాగన్ గ్రూపులోని స్కౌట్ కూడా టెర్రా పికప్‌ని బ్యాటరీతో, జనరేటర్‌తో రెండు రకాలుగా చూపించింది. పూర్తి బ్యాటరీ ట్రక్కులు చిన్నవైపు జరుగుతున్నాయి: ఫోర్డ్ 2027కి లూయీవిల్ ఫ్యాక్టరీ నుంచి 30,000 డాలర్ల ప్రాంతంలో మొదలయ్యే మధ్య సైజు పికప్‌ని ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీతో తెస్తానంది. స్లేట్ అనే కంపెనీ ఇద్దరు కూర్చునే బుల్లి ట్రక్కు 52.7 యూనిట్లతో 150 మైళ్ళ లక్ష్యం పెట్టుకుంది, దాని టో సామర్థ్యం 1,000 పౌండ్లే. ఈ చిన్నవేవీ మీ ట్రైలర్‌కి కావు. విదేశీ చవక పికప్‌లు వచ్చి ఆదుకుంటాయని కూడా ఎదురు చూడకండి, తేలికపాటి ట్రక్కుల దిగుమతి మీద 25 శాతం సుంకం 1964 నుంచీ ఉంది.

నన్నడిగితే, ఏడాదికి ఐదారు ప్రయాణాల కోసం జనరేటర్ ట్రక్కు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఒక్కో వైపు రెండు ఆగుళ్ళు భరించగలిగితే వాడిన పెద్ద బ్యాటరీ లైట్నింగ్, భరించలేకపోతే పెద్ద ప్యాక్ సిల్వరాడో. మంచు ఎక్కువ పడే చోట ఉంటే 2024 నుంచి వచ్చిన లైట్నింగ్‌లే చూడండి, తక్కువ కరెంటుతో వేడినిచ్చే హీట్ పంప్ వాటికే ఉంది. చిన్న బ్యాటరీ లైట్నింగ్ మాత్రం వద్దు. 98 యూనిట్లతో ట్రైలర్ కట్టి దారిలో నింపుకుంటే విడతకి 70 మైళ్ళు కూడా రావు.

సర్వీస్‌బే

బ్యాటరీ పరీక్ష ఇలా చేయండి. డ్యాష్ మీద చూపే రేంజ్ అంకె నమ్మకండి, అది ముందున్న డ్రైవర్ ఎలా నడిపాడో దాన్ని బట్టి మారుతుంది. డీలర్ ఒప్పుకుంటే 90 శాతం నుంచి 20 శాతం దాకా, మధ్యలో ఆపకుండా, వాతావరణం మరీ చల్లగా లేని రోజున హైవే మీద నడపండి. ట్రిప్ మీటర్‌లో మైళ్ళని యూనిట్‌కి వచ్చిన మైళ్ళతో భాగించి, 0.7తో భాగించండి. 170 మైళ్ళు, యూనిట్‌కి 2.0 వచ్చిందనుకోండి: 85 యూనిట్లు, 0.7తో భాగిస్తే 121. మొదటి 131లో ఇది 93 శాతం. 70 శాతం పట్టుకుంటేనే లెక్క నిలుస్తుంది, పది శాతం నడిపి కట్టిన లెక్క ఏమీ చెప్పదు.

అంత టైమ్ ఇవ్వకపోతే ఓబీడీ (ట్రక్కు కంప్యూటర్ వివరాలు చదివే పోర్టు) అడాప్టర్‌తో ఫోర్‌స్కాన్ యాప్ పెట్టి బ్యాటరీ ఆరోగ్యం శాతం, సెల్‌ల వోల్టేజీల మధ్య తేడా చూడండి. ఒక సెల్ మిగతావాటికంటే ఎప్పుడూ కిందే ఉంటే ఆ ట్రక్కు వదిలేయండి. విన్ (వాహన గుర్తింపు) నంబర్‌తో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో పెండింగ్ రీకాల్స్ చూడండి. 12 వోల్టుల బ్యాటరీ వయసు అడగండి, అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా ట్రక్కు స్టార్ట్ అవదు. డబ్బు కట్టే రోజున పాత యజమాని ఖాతా ఫోర్డ్‌పాస్ యాప్ నుంచి తీసేసి, మాస్టర్ రీసెట్ చేసి, మీ ఖాతాకి జోడించాకే తాళం తీసుకోండి. తర్వాతయితే పాత యజమానిని వెతుక్కుంటూ తిరగాలి.

ఓమ్స్‌లా

లైట్నింగ్ తీసుకుంటే ఒక్క మాట. కరెంటు పోయినప్పుడు ట్రక్కు నుంచి ఇంటి మొత్తానికి ఇవ్వాలంటే ఫోర్డ్ 80 ఆంప్ ఛార్జ్ స్టేషన్ ప్రో, దానికి తోడు హోమ్ ఇంటిగ్రేషన్ సిస్టమ్ కావాలి, స్టేషన్‌కి 100 ఆంప్ సర్క్యూట్ కావాలి. అంత అవసరం లేదు, ఫ్రిజ్, నాలుగు లైట్లు, ఫర్నేస్ ఫ్యాన్ నడిస్తే చాలనుకుంటే బెడ్‌లో ఉన్న 240 వోల్టుల 30 ఆంప్ పాయింట్ నుంచి ఇన్‌లెట్ బాక్స్, ప్యానెల్‌లో ఇంటర్‌లాక్ (బయటి కరెంటు, ట్రక్కు కరెంటు ఒకేసారి కలవకుండా ఆపేది) పెట్టించుకుంటే అయిపోతుంది. అన్ని ట్రిమ్‌లలో ఆ పాయింట్ రాదు, బెడ్ లోపల కళ్ళతో చూసి నిర్ధారించుకోండి. జీఎఫ్‌సీఐ ట్రిప్ అవకుండా న్యూట్రల్ కూడా మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్ అవసరమా అని ఎలక్ట్రీషియన్‌తో ముందే మాట్లాడండి. ఇప్పుడు 60 ఆంప్స్‌కే వైర్ లాగినా కండ్యూట్ మాత్రం ఒకటింపావు అంగుళాలది వేయించండి. రేపు 100 ఆంప్స్‌కి వెళ్ళాలంటే గోడ తవ్వకుండా 3 గేజ్ రాగి అందులోంచే లాగొచ్చు.