తాబేళ్లు గుడ్లు పెట్టే తీరానికి టూరిస్టులను ఎలా తీసుకెళ్లాలి?

ప్రశ్న:
కోరంగి మడ అడవుల్లో గైడ్‌గా చేస్తున్నానండి. జనవరి వచ్చిందంటే అందరూ ఆలివ్ రిడ్లే తాబేళ్లు చూపించమంటారు. వాటికి ఇబ్బంది లేకుండా చూపించే పద్ధతి ఏంటి?

జవాబు 1:
ముందు అటవీశాఖ అనుమతి. అది లేకపోతే ఒప్పుకోవద్దు, ఎంత డబ్బిస్తామన్నా సరే. తాబేలు ఒడ్డెక్కేటప్పుడు, గొయ్యి తవ్వేటప్పుడు లైటు పడినా, మనిషి కదిలినా గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది. అంతసేపూ జనాన్ని దూరంగా ఇసుకలో కూర్చోబెట్టండి. వెనక రెక్కలతో దాదాపు అర మీటరు తవ్వి, గుడ్లు పెట్టడం మొదలెట్టాక అంతగా బెదరదు. అప్పుడు కూడా వెనకవైపు నుంచే, నలుగురేసి చొప్పున వెళ్లాలి. ఫ్లాష్ వద్దు. టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మూడు పొరలు చుట్టండి.

జవాబు 2:
గుడ్లు పెట్టిన 45-60 రోజులకి పిల్లలొస్తాయి. అసలు తిప్పలు అప్పుడే. వెలుతురు ఎటుంటే అటే పాకుతాయి కాబట్టి సెల్‌ఫోన్ లైటు చాలు, సముద్రం వదిలి ఒడ్డువైపు పోడానికి. మనుషుల అడుగులు దిగిన లోతైన గుంటల్లో పడ్డవి పీతల పాలే. పిల్లల దారిలో ఇసుక చదును చెయ్యండి, చేత్తో ఎత్తి నీళ్లలో వెయ్యొద్దు. తిండి మిగుళ్లు తీరంలో వదిలితే కుక్కలు మరుగుతాయి, గూళ్లు తవ్వేస్తాయి.

జవాబు 3:
బోటులో తీసుకెళ్తుంటే, మడ అడవి కాలువల్లోకి పోటు మీదే (నీరు ఎక్కినప్పుడే) వెళ్లండి. పాటులో (నీరు తీసినప్పుడు) బోటు ఫ్యాను బురదలో దిగి, గాలి కోసం బురదలోంచి పైకొచ్చే మడచెట్ల ఊపిరివేళ్లు తెగుతాయి.