ప్రైవేట్ క్లౌడ్‌లో సర్వర్‌లెస్ వాడితే స్టోరేజీ నిజంగా ఆదా అవుతుందా?

ప్రశ్న:
మా సంస్థలో పాత రిజిస్టర్లను స్కాన్ చేసి, సొంత సర్వర్లు నాలుగింటిపై నడిచే సెఫ్ క్లస్టర్‌లో (డేటాను పలు సర్వర్ల డిస్కులకు పంచి దాచే స్టోరేజీ వ్యవస్థ) భద్రపరుస్తున్నాము. ఏ4 పేజీని 300 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేస్తే కంప్రెస్ చేయని టిఫ్ ఫైలు దాదాపు 26 ఎంబీ వస్తుంది. మూడు కాపీలు ఉంచుతున్నాము కాబట్టి డిస్కులపై అది 78 ఎంబీ అవుతోంది. కుబర్నెటీస్ (సర్వర్లపై అప్లికేషన్లను నడిపి నిర్వహించే వ్యవస్థ) మీద కేనేటివ్ (సర్వర్‌లెస్ పద్ధతిలో, అంటే అవసరమైనప్పుడే ప్రోగ్రాములను నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుంటే స్థలం కలిసివస్తుందని మా బృందంలో కొందరు అంటున్నారు. ఇది ఎంతవరకు నిజమో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1:
సర్వర్‌లెస్ తనంతట తాను ఒక్క బైటు కూడా తగ్గించదు. తగ్గించే పని మీరు రాసే ఫంక్షన్ అనే చిన్న ప్రోగ్రాముది; దాన్ని అవసరమైనప్పుడు లేపి, పని అయ్యాక ఆపడం వరకే కేనేటివ్ చూసుకుంటుంది. బకెట్‌లో (ఫైళ్లు దాచే అర) ఫైలు పడగానే సెఫ్ ఆబ్జెక్ట్ గేట్‌వే (ఫైళ్లను అందుకుని, అడిగితే ఇచ్చే సెఫ్ భాగం) సందేశాలను చేరవేసే కాఫ్కాకో, హెచ్‌టీటీపీ చిరునామాకో నోటిఫికేషన్ పంపగలదు. దాన్ని అందుకున్న ఫంక్షన్ షా-256 విలువ (ఫైలులోని బైట్లను బట్టి వచ్చే, వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కగట్టి, అదే ఫైలు ఇదివరకే ఉంటే వదిలేసి, లేకపోతే జెడ్‌స్టాండర్డ్ అనే కంప్రెషన్ పద్ధతితో కుదించి దాచవచ్చు. అయితే ఒకే పేజీని రెండుసార్లు స్కాన్ చేస్తే బైట్లు ఒకేలా రావు కనుక, ఈ పద్ధతికి దొరికేది పొరపాటున రెండుసార్లు ఎక్కించిన ఫైలే.

పబ్లిక్ క్లౌడ్‌లోలాగా ఫంక్షన్ పని లేక పూర్తిగా ఆగి సున్నాకు దిగితే మీకు బిల్లు తగ్గదు, ఎందుకంటే సర్వర్లు ముందే కొన్నారు. ఖాళీ అయిన సీపీయూకు, మెమరీకి వేరే పని అప్పగిస్తేనే ప్రయోజనం.

మేము మొదట్లో కుదించిన ఫైలును అదే బకెట్‌లో రాశాము. ఆ రాత మళ్లీ నోటిఫికేషన్‌ను పుట్టించడంతో, తెల్లవారేసరికి ఫైళ్ల పేర్ల చివర, కుదించిన ప్రతిసారీ చేరే ‘డాట్ జెడ్‌ఎస్‌టీ’ వరుసగా పేరుకుపోయి కనిపించింది. దయచేసి వచ్చే బకెట్‌ను, దాచే బకెట్‌ను వేరుగా ఉంచండి.

సమాధానం 2:
మీ అసలు ఖర్చు ఆ మూడు కాపీలలోనే ఉందని నా అభిప్రాయం. ఎరేజర్ కోడింగ్‌లో (పూర్తి కాపీలకు బదులు ఫైలును ముక్కలు చేసి, పోయినవాటిని తిరిగి కట్టేందుకు అదనపు ముక్కలు చేర్చే పద్ధతి) 4+2 అమరిక, అంటే నాలుగు డేటా ముక్కలు, రెండు అదనపు ముక్కలు, 1.5 రెట్ల స్థలమే తీసుకుంటుంది గానీ, ముక్కకొక సర్వర్ చొప్పున ఆరు కావాలి. మీ నాలుగింటికి 2+2 సరిపోతుంది. 26 ఎంబీ ఫైలు 52 ఎంబీలో ఇమిడిపోతుంది, రెండు సర్వర్లు పోయినా డేటా పోదు. ఓసీఆర్ పాఠం (స్కాన్ బొమ్మ నుంచి కంప్యూటర్ గుర్తించి తీసిన అక్షరాలు) వంటి చిన్న ఫైళ్లను మాత్రం అందులో పెట్టకండి. సాధారణ అమరికలో ముక్కకు కనీసం 4 కేబీ పడుతుంది కాబట్టి, 1 కేబీ ఫైలు మూడు కాపీలైతే 12 కేబీ, 2+2లో 16 కేబీ అవుతుంది. పరిమాణాన్ని చూసి ఏ పూల్‌కు (సెఫ్‌లో ఒక్కో అమరికతో ఉండే స్టోరేజీ విభాగం) పంపాలో నిర్ణయించే పనికి ఫంక్షన్ చక్కగా ఉపయోగపడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. కుదించిన వెంటనే మూల స్కాన్‌ను తొలగించవచ్చా?

సమాధానం 1:
వెంటనే వద్దు. దాచిన ఫైలును తిరిగి చదివి, విప్పి, షా-256 విలువ మూలంతో సరిపోయిన తర్వాతే తొలగించండి.