పాత ఇంట్లో పాప రాత్రిళ్లు భయపడుతోంది, సలహా చెప్పండి
మా పాపకు ఎనిమిదేళ్లు. ఏప్రిల్‌లో టైప్ 1 షుగర్ బయటపడింది, రోజుకు నాలుగు ఇన్సులిన్ సూదులు. జూన్‌లో నల్గొండ నుంచి దేవరకొండకు, అత్తమ్మ వాళ్ల పాత పెంకుటింటికి మారాం. మూడు వారాలుగా రాత్రి రెండు, రెండున్నర మధ్య లేచి కూర్చుంటోంది. అటక మీద ఎవరో నడుస్తున్నారంటుంది, నా కొంగు పిడికిట్లో పట్టుకుని వదలదు.

షుగర్ పడిపోయినా చెమటలు, పీడకలలు వస్తాయని డాక్టర్ చెప్పారు. అందుకే లేచిన ప్రతిసారీ చూస్తున్నా, 130 నుంచి 160 మధ్యే ఉంటోంది, పడిపోవడం లేదు. బెడ్‌లైట్ పెట్టాం. పగలు నిచ్చెన వేసి అటక చూపించాం, ఇత్తడి గుండిగలు తప్ప ఏమీ లేవు. అత్తమ్మ దిష్టి కూడా తీసింది. ముందు సూదికి పాప తనే పొట్ట చూపించేది, ఇప్పుడు ఏడుస్తోంది.

ఇలాంటి పిల్లలున్నవాళ్లు, ఈ రాత్రి భయం పోవడానికి మీ ఇంట్లో ఏం చేస్తే పనిచేసింది?