స్టార్ట్ అయిన వెంటనే ఇంజన్ ఆగిపోతోంది, అదీ అప్పుడప్పుడే. ఏం చూడాలి?

పెట్రోల్ కారు, మాన్యువల్ గేర్. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంటుంది, రెండు మూడు సెకన్లలో ఆగిపోతుంది. రోజూ జరగదు, అదే అసలు చిక్కు. మెకానిక్ ముందు ఒక్కసారి కూడా ఆగలేదు. స్కానర్ పెడితే ఎర్రర్ కోడ్ ఏదీ రాలేదు.

ఎక్కువగా ఉదయం పూట, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే ఇలా అవుతోంది. ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) ఒకసారి పైకి లేచి, నిలబడకుండా సున్నాకి పడిపోతుంది. యాక్సిలరేటర్ కొంచెం తొక్కి పట్టుకుంటే మాత్రం ఆగదు. తర్వాత రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. ఇమ్మొబిలైజర్ (సరైన తాళం కాకపోతే ఇంజన్‌ను నడవనివ్వని ఏర్పాటు) లైటు కూడా వెలగడం లేదు. తాళంలోని చిప్ సమస్యైతే యాక్సిలరేటర్ తొక్కినా ఆగిపోవాలి కదా!

మెకానిక్ ఫ్యూయల్ పంప్ మార్చేద్దాం అంటున్నారు. కానీ పెట్రోల్ ప్రెజర్ ముందే పెరిగేలా, స్టార్ట్ చేసేముందు తాళాన్ని రెండు మూడుసార్లు ఆన్‌లో పెట్టి, పంప్ చప్పుడు ఆగేదాకా ఉంచి చూశాను, తేడా లేదు. అందుకే నా అనుమానం థ్రాటిల్ బాడీలో (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే భాగం) పేరుకున్న మసి మీద, లేదా ఐడిల్ వాల్వ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ ఆగకుండా గాలి అందించేది) మీద. ఇంజన్ ఎంత వేడిగా ఉందో చెప్పే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ తప్పుగా చూపించినా ఇలాగే అవుతుందా?

పంప్ మార్చే ముందు ఫ్యూయల్ ప్రెజర్ కొలిపించడం మంచిదా, థ్రాటిల్ బాడీ శుభ్రం చేయించడం మంచిదా? శుభ్రం చేశాక ఐడిల్ మళ్లీ సెట్ చేయించాలా? ఇంట్లో అందరూ నడిపే బండి, టెన్షన్‌గా ఉంది. ఇలాంటిది ఎదురైనవాళ్లు దయచేసి చెప్పండి.